ఫైలు పుట్టిన తేదీ

కంప్యూటర్లో ఒక ఫైలును దాచామంటే, మనం రాసినదొక్కటే డిస్కులోకి వెళ్లదు. దాని పరిమాణమెంత, యజమాని ఎవరు, చదివే హక్కు ఎవరికుంది, ఎప్పుడు మారింది అన్న వివరాలను ఆపరేటింగ్ సిస్టమ్ విడిగా రాసిపెట్టుకుంటుంది. యునిక్స్‌లో ఆ పద్దు పేరు ఐనోడ్. ఆ వివరాలు కావాలంటే ప్రోగ్రాములు ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడగాలి. అలా అడిగే పిలుపు పేరు 'స్టాట్'. ఫైలు పుట్టిన తేదీని అది పోగొట్టుకుని, చాలా ఏళ్లకు మళ్లీ సంపాదించుకుంది.

1971 నవంబరు 3 నాటి మొదటి యునిక్స్ మాన్యువల్లోనే స్టాట్ ఉంది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రాసిన మాన్యువల్ అది. అప్పట్లో స్టాట్ ఇచ్చే జవాబు 34 బైట్లు. ఫైలు సృష్టించిన సమయం, మారిన సమయం రెండూ అందులో ఉండేవి. ఫైలు డిస్కులో ఏయే బ్లాకుల్లో ఉందో ఆ సంఖ్యలూ ఉండేవి. అంటే దాదాపు ఐనోడ్‌నే ఉన్నదున్నట్టు ప్రోగ్రాము చేతిలో పెట్టడం. చిన్న యంత్రానికి అది సరిపోయింది. కానీ రేపు డిస్కు అమరిక మారితే, దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాములన్నీ తప్పులో పడతాయి.

1979లో వచ్చిన ఏడో యునిక్స్ నాటికి ఆ బ్లాకుల సంఖ్యలు జవాబులో లేవు. పుట్టిన సమయమూ లేదు. మిగిలినవి మూడు సమయాలు: చివరిసారి చదివినది, లోపలి విషయం మారినది, ఐనోడ్ మారినది. ఈ మూడోదాని పేరు 'సీటైమ్'. అనుమతులు మార్చినా చాలు, అది మారిపోతుంది. అయినా పేరులోని 'సీ' అంటే 'క్రియేషన్' (సృష్టి) అనుకుని, దాన్నే ఫైలు పుట్టిన సమయంగా భావించినవాళ్లు ఎందరో. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన తేదీయే మన తాతల తరానికి పుట్టినరోజుగా స్థిరపడినట్టే ఇదీ.

పుట్టిన తేదీ అవసరం మాత్రం పోలేదు. 2003లో యునిక్స్ వారసుల్లో ఒకటైన ఫ్రీబీఎస్‌డీ దానికి మళ్లీ చోటిచ్చింది. 2008లో యునిక్స్ తరహా లినక్స్‌లో స్థిరపడిన ఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ కూడా ప్రతి ఫైలుకూ ఆ తేదీని డిస్కు మీద రాయడం మొదలుపెట్టింది. కానీ లినక్స్ స్టాట్ జవాబులో దానికి గడి లేదు. సమాచారం డిస్కులో ఉంది, మామూలుగా అడిగి తెలుసుకునే దారి లేదు.

ఒక గడి కలిపితే సరిపోదా? సరిపోదు. అప్పటికే తయారైన లక్షల ప్రోగ్రాములు, జవాబు కోసం మెమరీలో ఇంతే చోటని లెక్కగా కేటాయించుకుని ఉన్నాయి. జవాబు పెద్దదైతే అది పక్కనున్న సమాచారం మీద పడి చెరిపేస్తుంది. అందుకని కొత్త పిలుపే కావలసివచ్చింది. లినక్స్ డెవలపర్ డేవిడ్ హోవెల్స్ 2010లో మొదటి ప్రతిపాదన పెట్టారు. సుదీర్ఘ చర్చల తర్వాత 2017 ఏప్రిల్లో, లినక్స్ 4.11తో 'స్టాట్ఎక్స్' వచ్చింది.

పాత తప్పుల నుంచి నేర్చుకున్న పాఠాలు దాని నిర్మాణంలో కనిపిస్తాయి. ప్రోగ్రాము తనకేం కావాలో ముందే చెబుతుంది. ఫైలు దూరాన నెట్‌వర్క్ సర్వర్‌లో ఉంటే, అక్కర్లేని వివరం కోసం అంతదూరం వెళ్లిరావడం తప్పుతుంది. జవాబు 256 బైట్లు, అందులో రేపటి అవసరాలకు ఖాళీ గడులున్నాయి. సెకన్ల లెక్కకు 64 బిట్లు ఇచ్చారు కాబట్టి, 32 బిట్ల గడియారాలు 2038 జనవరి 19న నిండిపోయే బెడద దీనికి లేదు.

అన్నిటికన్నా నేను గౌరవించే గుణం మరొకటి. జవాబుతోపాటు ఒక జాబితా వస్తుంది: వీటిలో నిజంగా నాకు తెలిసినవి ఇవీ అని. పుట్టిన తేదీ రాసుకోని పాత డిస్కును అడిగితే, ఆ గడికి ఎదురుగా గుర్తు ఉండదు. ఆ జాబితా లేకపోతే, గడిలోని సున్నాను ప్రోగ్రాము యునిక్స్ కాలం లెక్క మొదలయ్యే 1970 జనవరి 1 అని చదువుకుంటుంది. బ్యాకప్‌లూ దర్యాప్తులూ ఆ తేదీని నమ్మి తప్పుదారి పడతాయి. ఫైలు వివరాలను ప్రోగ్రాములకు ఎలా అందించాలన్న ప్రశ్నకు నా దృష్టిలో సరైన జవాబు ఇదే: అడిగినది ఇవ్వాలి, తెలియనిచోట తెలియదని చెప్పాలి.