మూడు ఆటలు.. మూడు తరాలు.. ఒక్కటే టీవీ

ఈ ఏడాది జూలై 4 శనివారం వచ్చింది. అందుకని శుక్రవారమే ఆఫీసులకు సెలవు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు నిండే రోజు కాబట్టి ఊరూరా సంబరాలు ఎలాగూ ఉంటాయి. వాటికి తోడు ఈసారి టీవీలో ఆటల జాతర. శాన్ రామన్‌లో మా ఇంట్లో రెండు వారాల ముందు నుంచే దాని గురించి చర్చలు మొదలయ్యాయి.

వరస చూడండి. శుక్రవారం అర్ధరాత్రి దాటగానే క్రైస్ట్‌చర్చ్‌లో న్యూజిలాండ్, ఫ్రాన్స్ రగ్బీ మ్యాచ్. శనివారం తెల్లవారుజామున 4 గంటలకు ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్ స్ప్రింట్ రేసు, 8కి క్వాలిఫయింగ్. 10 గంటలకు హ్యూస్టన్‌లో, మధ్యాహ్నం 2కి ఫిలడెల్ఫియాలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ ప్రిక్వార్టర్స్. ఆదివారం ఉదయం 7కి అసలు రేసు. మధ్యాహ్నం 1కి న్యూజెర్సీలో, సాయంత్రం 5కి మెక్సికో సిటీలో మళ్లీ ఫుట్‌బాల్. ఇవన్నీ మన పసిఫిక్ టైమే.

మా తరానికి ఆటంటే క్రికెట్టే. ఐపీఎల్ రోజుల్లో ఇక్కడ ఉదయం 7 గంటలకే మ్యాచ్ మొదలవుతుంది. మావారు ఇడ్లీ ప్లేటు పట్టుకుని సన్‌రైజర్స్ మ్యాచ్ ముందు కూర్చుంటారు. పిల్లలు అటు తొంగి కూడా చూడరు. పదిహేనేళ్ల మా అబ్బాయికి ఫార్ములా వన్ పిచ్చి. పదకొండేళ్ల మా అమ్మాయికి ఫుట్‌బాల్. ఏప్రిల్‌లో సికింద్రాబాద్ నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు అక్టోబర్ దాకా ఉంటారు. వచ్చిన కొత్తలో ఇల్లంతా సందడే. నెల తిరిగేసరికి వాళ్లు వాళ్ల గదిలో ఫోన్లతో, పిల్లలు వాళ్ల గదుల్లో. 'తిన్నావా నాన్నా', 'యా తాతయ్యా' అన్న రెండు మాటలతో రోజు గడిచిపోతోంది. పిల్లలకు తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే వస్తుంది. తల్లిదండ్రులను పిలిపించుకున్న చాలా ఇళ్లలో ఇదే తంతు.

అందుకే ఆ మూడు రోజులకు మా ఇంట్లో ఓ నియమం పెట్టాం. టీవీ అందరిదీ. ఇంగ్లిష్ కామెంటరీ వేగం తాతయ్య, నానమ్మలకు అందదు కాబట్టి, ఆట ఏంటో పిల్లలే చెప్పాలి. అదీ తెలుగులో. ప్రపంచకప్ లీగ్ మ్యాచ్‌లతో ఇప్పటికే సాధన మొదలైంది. ఆఫ్‌సైడ్ చెప్పడానికి మా అమ్మాయి నానా తంటాలు పడింది. 'బాల్ ఇవ్వకముందే నువ్వు వాళ్ల మనుషుల వెనకాలకి వెళ్లి, గోల్ దగ్గర వెయిట్ చేయకూడదు తాతయ్యా' అంది. 'ఓహో, పెళ్లి భోజనాల్లో పంక్తి లేవకముందే వెళ్లి కుర్చీ వెనకాల నిలబడటం లాంటిదన్నమాట' అన్నారు మామగారు. అంతకంటే బాగా నేనైతే చెప్పలేను.

రహీమ్ సాబ్ ఊరివాళ్లం

ఫుట్‌బాల్ విషయంలో మా మామగారి దగ్గరా చెప్పడానికి చాలా ఉంది. ఆయన చిన్నప్పుడు జంటనగరాల్లో ఫుట్‌బాల్‌దే రాజ్యం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఆ జట్టు గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ది హైదరాబాదే. ముందు వరుసలో ఆడిన తులసీదాస్ బలరామ్‌ది సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ. మరుసటి ఏడాదే రహీమ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. అజయ్ దేవగణ్ నటించిన 'మైదాన్' ఆయన కథే. 'ఇండియా ఒలింపిక్స్‌లో ఫోర్తా!' అని మా అమ్మాయి నోరు తెరిచింది. ఈ ప్రపంచకప్‌లో 48 జట్లు ఆడుతున్నా వాటిలో మన దేశం లేదు. అయినా ఆట మనకు కొత్తది కాదని దానికి తెలిసింది.

మరో ఆశ కూడా ఉంది. గ్రూప్ 'డి'లో అమెరికా మొదటి స్థానంలో నిలిస్తే జూలై 1 బుధవారం సాయంత్రం రౌండ్ ఆఫ్ 32 మ్యాచ్ మన శాంటా క్లారాలోనే ఆడుతుంది. టికెట్ దొరికినవాళ్లు 680 మీద కారులో చిక్కుకోనక్కర్లేదు. డబ్లిన్-ప్లెజంటన్‌లో బార్ట్ ఎక్కి, బే ఫెయిర్‌లో మారి, మిల్పిటాస్‌లో దిగితే అక్కడి నుంచి వీటీఏ లైట్ రైల్ స్టేడియం దాకా వెళ్తుంది.

గంటన్నరలో విజయవాడ దాటేస్తారు

సిల్వర్‌స్టోన్ మా అబ్బాయి వంతు. ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మొట్టమొదటి రేసు 1950 మే 13న జరిగింది అక్కడే. ట్రాక్ పొడవు 5.891 కిలోమీటర్లు. 52 ల్యాప్‌లు తిరగాలి. అంటే సుమారు 306 కిలోమీటర్లు. 'మనం హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దూరం కంటే ఎక్కువ. వీళ్లు గంటన్నరలో అయిపోగొడతారు' అని వాడు చెప్పగానే మామగారు కళ్లజోడు సవరించుకుని కూర్చున్నారు. అక్కడ లూయిస్ హామిల్టన్ తొమ్మిదిసార్లు గెలిచాడు. ఇప్పుడు ఫెరారీలో ఉన్నాడు. నిరుటి విజేత లాండో నోరిస్ ఇప్పుడు ప్రపంచ చాంపియన్. ఈ ఏడాది నిబంధనలు మారి, కారు శక్తిలో దాదాపు సగం కరెంటుదే అయింది.

కరెంటు కార్లు అనగానే మామగారికి 2023 ఫిబ్రవరి 11 గుర్తొచ్చింది. ఆ రోజు హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన జీన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది. అయినా ట్యాంక్‌బండ్ పక్కన ఇలాంటి కార్లు పరుగెత్తాయని మా అబ్బాయికి తెలిసింది తాతయ్య నోటి నుంచే.

రగ్బీ అంటే కాస్త చెడుగుడే

రగ్బీ మాత్రం మా ఇంట్లో ఎవరికీ రాదు. ఈ ఏడాది 12 జట్లతో నేషన్స్ చాంపియన్‌షిప్ కొత్తగా మొదలవుతోంది. తొలి రోజే న్యూజిలాండ్-ఫ్రాన్స్‌తో పాటు జొహానెస్‌బర్గ్‌లో దక్షిణాఫ్రికా, ఇంగ్లండ్ కూడా ఆడుతున్నాయి. అందరం కలిసి నియమాలు నేర్చుకున్నాం. జట్టుకు 15 మంది. ఆట 80 నిమిషాలు. బంతిని చేత్తో వెనక్కో పక్కకో విసరాలి కానీ ముందుకు విసరకూడదు. అవతలి గీత దాటి నేలకు ఆనిస్తే ఐదు పాయింట్లు. ఆ తర్వాత గోల్ స్తంభాల మధ్య నుంచి తంతే మరో రెండు. పెనాల్టీకి మూడు.

దీన్ని ముందుగా పట్టేసింది మా అత్తగారు. ఆవిడ తెలుగు టైటాన్స్ కబడ్డీ మ్యాచ్‌లు వదలరు. నడుం పట్టు, కాళ్ల పట్టు, గీత కోసం పెనుగులాట అన్నీ ఆవిడకు తెలిసినవే. రెండు జట్లూ తలలు వంచి భుజాలు ఆనించి నెట్టుకునే స్క్రమ్ చూసి 'పొట్టేళ్ల పందెంలా ఉందే' అన్నారు. పాత మ్యాచ్‌లు పెట్టుకుని ఇప్పుడు పిల్లలకు ఆవిడే కామెంటరీ చెబుతున్నారు.

కూర్చున్నచోటే ఉండొద్దు

అన్నీ లైవ్‌లో చూడాలనుకుంటే నిద్ర ఉండదు. అర్ధరాత్రి రగ్బీ, తెల్లవారుజాము స్ప్రింట్ రికార్డు చేసుకుని తీరిగ్గా చూస్తాం. పులిహోర, పెరుగన్నం పొద్దున్నే కలిపేస్తే వంటింట్లో నేనొక్కదాన్నే మిగిలిపోను. మెక్సికో సిటీ మ్యాచ్‌కు మిరపకాయ బజ్జీల బాధ్యత మావారిది. ఎండ తగ్గాక ఐరన్ హార్స్ ట్రైల్ మీద పెద్దవాళ్లతో ఓ నడక తప్పనిసరి.

ఈలోగా మా అమ్మాయి ఓ నోటుపుస్తకంలో ఆటల మాటలకు తెలుగు రాసుకుంటోంది. స్క్రమ్ అంటే తోపులాట. కార్నర్ అంటే మూల తాపు. పిట్ స్టాప్‌కు ఏం రాయాలో తోచక అడిగితే మామగారు 'మజిలీ' అన్నారు. ఆ మాట మా అబ్బాయికి తెగ నచ్చింది. ఆఫ్‌సైడ్ పక్కన మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. మీ ఇంట్లో తాతయ్యలు, నానమ్మలు, అమ్మమ్మలు ఉంటే ఓసారి అడిగి చూడండి.