ఎవరైనను దిద్దగల గ్రంథము

ఒక గ్రంథాలయములో విజ్ఞాన సర్వస్వమును బల్లపై ఉంచి, ప్రక్కనే కలము, సిరాబుడ్డి పెట్టి, "తప్పు కనబడినచో ఎవరైనను దిద్దవచ్చును" అని వ్రాసిపెట్టినచో ఏమగును? నాలుగు దినములలో ఆ గ్రంథము కొట్టివేతలతో నిండి చదువుటకు పనికిరాకుండ పోవునని ఎవరైనను అనుకొందురు. కాని కంప్యూటరులపై ఇట్టి గ్రంథమే నేడు కోట్ల కొలది జనులకు ఉపయోగపడుచున్నది. ఈ పద్ధతికే వికీ యని పేరు.

తొలి వికీని 1995 మార్చిలో వార్డ్ కన్నింగ్‌హామ్ అను అమెరికా ప్రోగ్రామరు తోటి ప్రోగ్రామరుల కొరకు నెలకొల్పెను. హవాయి భాషలో 'వికీ' యనగా త్వరితము. హొనొలులు విమానాశ్రయములో ప్రయాణికులను చేరవేయు బస్సు పేరునుండి ఆయన ఈ మాటను గ్రహించెను. 2001 జనవరి 15న ఆరంభమైన వికీపీడియా ఈ పద్ధతిపైననే పెరిగినది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెలసినది.

ఇందరు దిద్దినను గ్రంథము పాడుకాకుండుటకు కారణమేమి? వికీలోని సమాచారము డేటాబేసు అను పట్టికల సముదాయములో ఉండును. సులభముగా చెప్పవలెనన్న, ముఖ్యమైన పట్టికలు మూడు. మొదటిదానిలో పుట పేరు, దాని ప్రస్తుత ప్రతి సంఖ్య ఉండును. రెండవదానిలో ఒక్కొక్క ప్రతిని ఎవరు, ఎప్పుడు వ్రాసినది, దానికి ముందటి ప్రతి యేది అను వివరములుండును. మూడవదానిలో ప్రతుల పాఠముండును.

'గోదావరి' పుట 40వ ప్రతిలో నది పొడవు 1465 కిలోమీటర్లని ఉన్నదనుకొందము. ఒకరు దానిని 1645గా మార్చినారు. పాత పాఠము చెరిగిపోదు. 41వ ప్రతి క్రొత్తగా చేరి, మొదటి పట్టికలో 40కి బదులు 41 అను సంఖ్య నిలుచును. వేరొకరు తప్పును గమనించి పాత ప్రతిని పునరుద్ధరించినచో 42వ ప్రతి ఏర్పడును. దాని పాఠము 40వ దానిదే. ఈ విధముగా పాడుచేయుటకన్న బాగుచేయుటయే సులభమగును. వికీకి ప్రాణమిదియే.

ఇద్దరు ఒకేసారి దిద్దుచున్నచో ఏమగును? ఎవరు ఏ ప్రతిని తెరచి దిద్దుచున్నారో యంత్రమునకు తెలియును. ఒకరు భద్రపరచులోపల మరియొక ప్రతి చేరియున్నచో, మార్పులు వేరువేరు చోట్ల ఉన్నప్పుడు రెంటిని కలుపును. రెండును ఒకే వాక్యమును తాకినచో, రెండు పాఠములను చూపి, తరువాత వచ్చినవారినే సరిచేయుమని కోరును.

గ్రంథము పెరుగు తీరు కూడ చిత్రమైనది. ఒక మాటను జంట చదరపు కుండలీకరణముల నడుమ వ్రాసినచో అది వేరొక పుటకు లంకె యగును. ఆ పేరు మొదటి పట్టికలో లేనిచో లంకె ఎర్రగా కనబడును. దానిని నొక్కి ఆ పుటను ఎవరైనను ప్రారంభింపవచ్చును.

అయినను పట్టికలు పాత ప్రతులను దాచునే గాని తప్పును పసిగట్టలేవు. 2005 మే నెలలో జాన్ సీగెన్‌థాలర్ అను అమెరికా పత్రికా రచయితను గూర్చిన ఆంగ్ల పుటలో, హత్యానేరపు అనుమానమును ఆయనకు అంటగట్టు అబద్ధమును ఒకడు చేర్చెను. దానిని తొలగించుట నిమిషములో పని. అయినను గమనించినవారు లేక అది సుమారు నాలుగు నెలలు నిలిచెను. ఆ డిసెంబరులో, ఖాతా లేనివారు ఆంగ్ల వికీపీడియాలో క్రొత్త పుటలు ప్రారంభింపరాదని నియమము చేసిరి.

కావున వికీ పుటను చదువువారు, ముఖ్యమైన అంకె గాని ఆరోపణ గాని కనబడినపుడు, దానికి ఆధారము చూపబడెనా యని పరిశీలించి, పుట చరిత్రను కూడ తిరగవేయవలెను. తప్పు తేలినచో దిద్దువారు వేరెవరో వత్తురని వేచియుండనక్కరలేదు; ఆ కలము చదువరి చేతిలోనే ఉన్నది.