కన్నవారి మాట

గుంటూరు నుంచి నంద్యాలకు సాగే రైలుమార్గంలో వినుకొండకు, మార్కాపురానికి నడుమ దొనకొండ ఉంది. వాననే నమ్ముకొని సేద్యం సాగించే ఈ మెట్ట ప్రాంతం నుంచి ఏటా ఎందరో విద్యార్థులు పై చదువులకై నరసరావుపేట, గుంటూరు, హైదరాబాదు వంటి పట్టణాలకు తరలి వెళతారు. రైలు కదిలే వేళ తల్లిదండ్రులు చెప్పే జాగ్రత్తలు సాధారణంగా రెండే: బాగా చదువుకోమని, వేళకు తినమని. కొత్త ఊరిలో, కొత్త స్నేహాల నడుమ ఎదురుకాగల మద్యాన్ని, గంజాయిని గురించి మాట్లాడేవారు అరుదు. మాట్లాడితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని వారి సంకోచం. ఆ మౌనం ఎంతవరకు శ్రేయస్కరమో విచారించవలసి ఉంది.

మానవుని మెదడు ఇంచుమించు ఇరవై అయిదేళ్ల వయస్సు వరకు ఎదుగుతూనే ఉంటుంది. నిగ్రహానికి, ముందుచూపునకు ఆధారమైన భాగం అన్నింటికంటె ఆలస్యంగా పరిణతి చెందుతుంది. కనుకనే యౌవనంలో మత్తుపదార్థాలు జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను సులభంగా దెబ్బతీస్తాయి. చిన్న వయస్సులో మొదలైన అలవాటు వ్యసనంగా మారే ప్రమాదం ఎక్కువ. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయిని అమ్మడమే కాదు, దగ్గర ఉంచుకోవడం, సేవించడం కూడా శిక్షార్హమైన నేరాలే. పొలం కుదువపెట్టి ఫీజు కట్టిన కుటుంబానికి ఒక్క కేసు చాలు, ఆశలన్నీ కూలిపోవడానికి.

ఇల్లు విడిచిన పిల్లలపై తల్లిదండ్రుల ప్రభావం నశిస్తుందనుకోవడం పొరపాటు. అమెరికా పరిశోధకుడు రాబర్ట్ టురిసి, ఆయన సహచరులు కళాశాలలో చేరబోయే విద్యార్థుల తల్లిదండ్రులకు ఒక చిన్న పుస్తకమిచ్చి, పిల్లలతో మద్యాన్ని గురించి ముందే మాట్లాడమన్నారు. అలా మాట్లాడిన ఇళ్ల పిల్లలలో తాగుడు తక్కువగా ఉన్నట్లు 2001లో వెలువడిన వారి అధ్యయనం తెలిపింది. ఐస్‌లాండ్ దేశంలో 1998లో పదిహేను, పదహారేళ్ల వారిలో నూటికి 42 మంది గడచిన నెలలో మత్తెక్కేదాకా తాగినట్లు చెప్పగా, 2016 నాటికి ఆ సంఖ్య 5కు తగ్గింది. పిల్లలతో తల్లిదండ్రులు ఎక్కువ కాలం గడపడం, ఆటపాటలకు వసతులు కల్పించడం అందుకు ముఖ్య కారణాలు.

ఇంటి మాటకున్న బలం తెలుగువారికి కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చిన స్త్రీలు సారా దుకాణాన్ని ఎదిరించారు. వారు రగిల్చిన ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం సడలిపోయింది. చట్టాలు మారుతుంటాయి, వాటితోపాటు ఇంటి కట్టుబాటు మారనవసరం లేదు.

అయితే ఆ మాట ఉపన్యాసం కారాదు. ప్రయాణానికి ముందే, తీరికగా, తమ అభిమతాన్ని తల్లిదండ్రులు స్పష్టంగా తెలపాలి. కొద్దిగా తాగితే తప్పులేదన్న సడలింపు మరింత తాగుడుకే దారితీస్తుంది. సీసా తెమ్మని కొడుకును దుకాణానికి పంపే తండ్రి హితబోధకు విలువ ఉండదు. వలస వెళ్లి కూలి పనులు చేసుకొనే తల్లి అయినా రాత్రి ఫోనులో ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు అని అడగవచ్చు. మార్కులతోపాటు మనసునూ పలకరించవచ్చు. బిడ్డ తప్పటడుగు వేసినట్లు తెలిస్తే కొట్టి తరిమివేయక వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. మత్తు నుంచి బయటపడగోరే వారికోసం 14446 అనే జాతీయ సహాయ సంఖ్య ఉంది. శిక్షకు భయపడినవాడు దాస్తాడు. ఆదరణ ఉందని తెలిసినవాడు చెప్పుకుంటాడు.

విద్యార్థులు కూడా ఒక విషయం గ్రహించాలి. ఇంటి నుంచి వచ్చే ప్రశ్న అనుమానం కాదు, ఆత్మీయత. రైలు దొనకొండ దాటిన తరువాత కూడా తమకై మేలుకొని ఉన్నవారు అక్కడ ఉన్నారన్న స్మృతి, చేయి చాచిన స్నేహితునితో వద్దని చెప్పడానికి ధైర్యాన్నిస్తుంది.