నీళ్లంటే భయం పిల్లలకా, మనకా?

పిల్లల్ని డాన్సుకో, షటిల్‌కో పంపడానికి మనం అట్టే ఆలోచించం. అదే "అమ్మా, పడవ పందేలు నేర్చుకుంటానే" అంటే మాత్రం గుండె గుభేలుమంటుంది. ఆడపిల్లయితే ఇక సరేసరి. నీటి గండం అంటారు పెద్దవాళ్లు. ఎండకి నల్లబడిపోతుందంటారు చుట్టాలు.

మా అమ్మాయి ఎనిమిదో క్లాసులో ఉండగా హుసేన్‌సాగర్‌లో రోయింగ్ మొదలుపెట్టింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. "మా పిల్లని కూడా చేర్పించమంటావా వదినా?" అని అడిగినవాళ్లకి చెప్పిన సంగతులే ఇక్కడా చెబుతున్నాను.

రోయింగ్ పడవంటే ట్యాంక్‌బండ్ మీంచి కనిపించే విహారపు లాంచీ కాదు. సన్నగా, పొడుగ్గా ఉండే పందెం పడవ. ఒక్కరు నడిపేవి మొదలు ఎనిమిదిమంది నడిపేవాటి దాకా ఉన్నాయి. తెడ్లు వేసేవాళ్లు పడవ వెళ్లే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటారు. కూర్చున్న సీటు చిన్న పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. అందుకే ఇందులో ఎక్కువ పని కాళ్లది, తర్వాత నడుముది, ఆఖరున చేతులది. "మా పిల్ల చేతులు పుల్లల్లా ఉన్నాయే" అని దిగులు పడక్కర్లేదు.

ఆడవాళ్లకి ఒలింపిక్స్‌లో ఈ ఆట 1976లో మాంట్రియల్‌లో మొదలైంది. అప్పుడు వాళ్ల పందెం 1000 మీటర్లే. మగవాళ్లతో సమానంగా 2000 మీటర్లు చేసింది 1988లో. మనవల్ల కాదనుకునేవాళ్లు అక్కడా ఉన్నారన్నమాట!

ముందు ఈత

చేర్పించే ముందు ఓ వేసవంతా ఈత నేర్పించండి. కొలను ఈ చివర్నించి ఆ చివరికి ఈదితే చాలదు. ఒంటిమీద బట్టలతో నీళ్లలో పడ్డా కంగారుపడకుండా తేలగలగాలి. పడవ తిరగబడితే ఒడ్డుకి ఈదబోకూడదు, పడవనే పట్టుకుని ఉండాలి. ఈ ముక్క పిల్లకీ తెలియాలి, మనకీ తెలియాలి.

మొహమాటం లేకుండా అడగండి

కోచ్ మోటారు పడవలో వెంట ఉంటారా? కొత్తవాళ్లకి లైఫ్ జాకెట్ ఇస్తారా? పడవ బోల్తాపడితే ఏం చేయాలో ముందే నేర్పుతారా? ఉరుములు, ఈదురుగాలి వస్తే ఆపేస్తారా? ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి గది, శుభ్రమైన టాయిలెట్ ఉన్నాయా? మేం మొదట వెళ్లినచోట ఇవన్నీ అడిగితే, "అంత భయమైతే ఇంట్లోనే కూర్చోబెట్టుకోండమ్మా" అన్నాడు ఒకాయన. నమస్కారం పెట్టి వచ్చేశాం. రెండోచోట ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెప్పారు. అక్కడే చేర్పించాం.

వంటింటి వంతు

పొద్దున్నే అయిదింటికి లేవాలంటే రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఫోన్లూ టీవీలూ కట్టెయ్యాలి. పరగడుపున పంపకండి. ఓ అరటిపండు తిని వెళ్లి, రాగానే ఇడ్లీయో పెసరట్టో కడుపునిండా తినాలి. గుడ్డు, పాలు, వేరుశనగలు, పప్పు రోజూ ఉండాలి. ఎదిగే పిల్లని "ఒళ్లు తగ్గించు" అని కడుపు మాడ్చనివ్వకండి. నెలసరి ఆగినా, బాగా తప్పుతున్నా డాక్టరుకి చూపించండి.

వదులు ప్యాంట్లు, చున్నీలు సీటు పట్టాల్లో చిక్కుకుంటాయి. ఒంటికి అతికినట్టుండే బట్టలే మేలు. జడ గట్టిగా వేసి, గోళ్లు కత్తిరించి పంపండి. టోపీ, సన్‌స్క్రీన్, నీళ్లసీసా మరవద్దు. కొత్తలో అరచేతులు బొబ్బలెక్కుతాయి. వాటిని చిదపకూడదు. చెరువు నీళ్లు శుభ్రమైనవని నమ్మలేం కాబట్టి పుండు మీద ప్లాస్టర్ వేసి పంపి, రాగానే సబ్బుతో కడిగించండి. ధనుర్వాతం టీకా వేయించారో లేదో చూసుకోండి.

పడవెక్కడానికి తొందరెందుకు?

మొదటి వారాల్లో పరుగులు, ఒడ్డునే యంత్రం మీద సాధన, పడవలు మొయ్యడం, కడగడమే ఎక్కువ. "ఫీజు కట్టించుకుని పిల్లలచేత పడవలు కడిగిస్తారేమిటండీ!" అని ఒక తండ్రి చిరాకుపడ్డారు. కానీ ఎనిమిదిమంది పడవ బరువే 96 కిలోలకి తగ్గదు. అందరూ కలిసి ఎత్తితేనే లేస్తుంది. ఒకరు రాకపోతే మిగతావాళ్ల సాధనా ఆగిపోతుంది. అందుకే పెళ్లిళ్లూ పరీక్షలూ ఉంటే ముందే కోచ్‌కి చెప్పడం పిల్లకి అలవాటు చెయ్యండి. ఆ బాధ్యత మన నెత్తిన వేసుకోవద్దు.

మహారాష్ట్రలో నీళ్లకి కటకటలాడే పల్లెలో పుట్టిన దత్తు భోకనల్ సైన్యంలో చేరాకే తెడ్డు పట్టాడు. 2016లో రియో ఒలింపిక్స్‌కి వెళ్లాడు. 2018లో ఆసియా క్రీడల్లో నలుగురి పడవలో స్వర్ణం తెచ్చినవాళ్లలో ఒకడయ్యాడు. చిన్నప్పట్నించీ నీళ్ల మధ్య పెరిగినవాళ్లదే ఈ ఆట అనుకోనక్కర్లేదు.

ఇక నలుపు మాట. "రంగు పోతే రేపు ఎవరు చేసుకుంటారే?" అని మా అత్తయ్యగారు ఏడాదిపాటు సణిగారు. నేను వాదన పెట్టుకోలేదు. ఓ ఆదివారం తీసుకెళ్లి ఒడ్డున కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఎనిమిది తెడ్లు ఒక్కసారే నీళ్లలో పడి, ఒక్కసారే లేస్తుంటే కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. "అందులో మనదెక్కడే?" అన్నారు. ఆ తర్వాత రంగు మాట ఎత్తలేదు.

మన భయం తప్పని నేననను. నీళ్లతో వ్యవహారం, భయం ఉండాల్సిందే. ఆ భయంతో పది ప్రశ్నలు అడుగుదాం, ఈత నేర్పిద్దాం. జవాబులు సరిగ్గా ఉన్నాక మాత్రం పిల్ల చేతికి తెడ్డు ఇచ్చేద్దాం.