సస్పెన్స్ చెప్పేస్తున్నారా? కాస్త ఆగండి!

"ఏమండీ, నిన్నటి సీరియల్ చూశారా? పాపం, ఆ అమ్మాయి..." అని ఎదురింటావిడ మొదలుపెట్టగానే రెండు చెవులూ మూసుకుని, "చెప్పకండి, చెప్పకండి! నేనింకా చూళ్ళేదు" అని కేకపెట్టే ఇల్లాళ్ళు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒకరిద్దరుంటారు. నోటితో చెబితే చెవులు మూసుకోవచ్చు. మరి ఫోన్ తెరవగానే ఎదురుగా కనబడే వాట్సాప్ మెసేజ్ సంగతేమిటి? కళ్ళు మూసుకునేలోపే చదవడం అయిపోతుంది కదా!

కథలో అసలు గుట్టుని ముందే బయటపెట్టేయడాన్ని ఇప్పటి పిల్లలు 'స్పాయిలర్' అంటున్నారు. పేరు కొత్తదే గానీ పని పాతదే. వారపత్రికల్లో సీరియల్ నవలలు వచ్చే రోజుల్లో పత్రిక ముందుగా ఎవరి చేతికి చిక్కితే వాళ్ళు మిగతావాళ్ళని ఉడికించేవారని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అయితే అప్పుడొక సౌకర్యం ఉండేది. ఊళ్ళో అందరికీ పత్రిక ఒకే రోజు వచ్చేది. టీవీలోనూ అంతే. 2008 నుంచి 2013 దాకా జెమినీలో 'మొగలిరేకులు' వచ్చినన్నాళ్ళూ వీధి వీధంతా ఒకే టైముకి చూసింది. చెబుదామన్నా చూడనివాళ్ళు దొరికితేగా! కరెంటు పోయి ఆ రోజు చూడలేకపోయిన పక్కింటి పిన్నిగారికి మర్నాడు కథ చెప్పడం అప్పట్లో ఉపకారం కిందే లెక్క.

ఇప్పుడు కాలం ముక్కలైపోయింది. ఒక ఇంట్లో అత్తగారు సాయంత్రం టీవీలో చూస్తారు. కోడలు రాత్రి గిన్నెలు సర్దుకున్నాక ఫోన్‌లో చూస్తుంది. ఆప్‌కి చందా కట్టిన ఆడపడుచు, టీవీలో రాకముందే చూసేసి కూర్చుంటుంది. మనకి రాత్రి ఎనిమిదైతే న్యూజెర్సీలో ఉన్న చెల్లెలికి ఇంకా ఉదయమే, ఆవిడ ఆఫీసు పనిలో ఉంటుంది. వీళ్ళందరూ ఉన్నది మాత్రం ఒకటే ఫ్యామిలీ గ్రూపులో! ఇక సినిమాలైతే చెప్పనే అక్కర్లేదు. శుక్రవారం ఇక్కడ తెల్లవారేసరికే అమెరికాలో ప్రీమియర్ షోలు అయిపోయి, అక్కడి బంధువుల దగ్గర్నుంచి కథ మొత్తం వచ్చేస్తుంది.

"ఓస్, ఓ సీరియల్ ముక్కకి ఇంత గొడవా?" అంటారు మగవాళ్ళు. మరి క్రికెట్ మ్యాచ్ రికార్డు చేసుకుని, స్కోరు చెప్పవద్దని ఇంటిల్లిపాదినీ బతిమాలుకునేది ఎవరటా? సీరియల్‌లో కథ ఎంత ఉందన్నది వేరే మాట. పొద్దున అయిదింటికి లేచి, టిఫిన్లూ క్యారియర్లూ, ఆపైన ఉద్యోగమూ, మళ్ళీ వంటా అన్నీ ముగించుకుని పదిన్నరకి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునే ఆడదానికి ఆ అరగంట ఒక్కటే తనది. తర్వాతేమవుతుందోనని పొద్దుట్నించీ దాచుకున్న ఆత్రం అది. దాన్ని మధ్యాహ్నం ఒకరు "దొంగ వాళ్ళ మామయ్యేనట!" అని ఒక్క ముక్కలో లాగేసుకుంటే, ఆ రాత్రి ఆవిడ కూర్చుని ఏం చూడాలి? చెప్పినావిడ మాత్రం ఆ ఆత్రాన్ని పూర్తిగా అనుభవించాకే చెప్పింది. నాకు కష్టం కలిగేది అక్కడే.

కథ గుట్టు కాపాడటం కోసం పెద్ద పెద్దవాళ్ళే తంటాలు పడ్డారు. లండన్‌లో అగాథా క్రిస్టీ నాటకం 'ది మౌస్‌ట్రాప్' 1952లో మొదలైంది. కోవిడ్ విరామం తప్ప ఆగలేదు. హంతకుడెవరో బయట చెప్పవద్దని నాటకం చివర ప్రేక్షకుల్ని అడగడం అక్కడ ఆనవాయితీ. అమెరికాలో 1980 మార్చిలో 'డాలస్' సీరియల్‌లో జె.ఆర్. అనే పాత్రని ఎవరో తుపాకితో కాల్చారు. ఎవరన్నది నవంబరులో గానీ చెప్పలేదు. గుట్టు జారిపోకుండా రకరకాల పాత్రలు కాల్చినట్టుగా చిత్రీకరించారు. మన 'బాహుబలి' సంగతి సరేసరి. 2015 జూలై 10న వచ్చిన మొదటి భాగం వదిలిపెట్టిన ప్రశ్నకి జవాబు 2017 ఏప్రిల్ 28న రెండో భాగంలో దొరికింది. ఇన్నాళ్ళూ దేశమంతా ఓపిక పట్టింది గానీ, మొదటి ఆట చూసి బయటికొచ్చినవాళ్ళు మాత్రం ఒక్క పూట ఓపిక పట్టలేకపోయారు.

ఇంకో వైపు వాదన కూడా ఉంది. 2011లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో పరిశోధకులు ఇద్దరు, విద్యార్థులకి 12 కథలిచ్చి చదివించారు. కొందరికి ముగింపు ముందే చెప్పారు, కొందరికి చెప్పలేదు. చిత్రంగా, ముందే తెలిసినవాళ్ళకే కథలు ఎక్కువ నచ్చాయట. ఇందులో నిజం లేకపోలేదు. రామాయణం తెలియనివాళ్ళెవరు? అయినా హరికథకి పందిరి నిండేది. కానీ నాలుగు కథలు రాసిన అనుభవంతో ఒక మాట చెబుతాను. తెలిసిన కథని మళ్ళీ వినడంలో ఉన్న సుఖం వేరు, తెలియని కథలో కాలుపెట్టడం వేరు. రెండోసారి చూడటం ఎన్నిసార్లయినా కుదురుతుంది. మొదటిసారి ఒక్కసారే.

మరి ఏం చేయాలి? గ్రూపులో ఒక మాట అనుకుంటే సగం గొడవ తీరుతుంది. రోజూ వచ్చే సీరియల్‌కి మర్నాటి రాత్రి దాకా ఆగితే చాలు. సినిమాకి రెండు వారాలైనా ఇవ్వాలి. వెబ్ సిరీస్ అయితే ఎవరెంత వరకు చూశారో అడక్కుండా నోరు తెరవకపోవడమే మంచిది. అలాగని ఏడాది తర్వాత కూడా "నేను చూళ్ళేదు, ఎవరూ మాట్లాడకండి" అంటే అదీ దబాయింపే. చెప్పాలని మరీ ప్రాణం కొట్టుకుంటుంటే వాయిస్ మెసేజ్ పెట్టండి, వినాలనుకున్నవాళ్ళే నొక్కి వింటారు. టైపు చేసేటట్లయితే సీరియల్ పేరు, 'చూడనివాళ్ళు చదవకండి' అన్న మాట మొదటి వరుసలోనే ఉండాలి. ఫోన్ తెర మీద ముందుగా కనబడేది ఆ నాలుగు మాటలే. కొందరు మహా తెలివిగా ఏమీ చెప్పకుండా ఏడుపు బొమ్మలు అయిదు పెడతారు. "ఈ రోజు ఎపిసోడ్‌కి కర్చీఫ్ దగ్గర పెట్టుకోండి" అని రాస్తారు. ఇంకేం మిగిలింది చెప్పడానికి?

అయితే చెప్పి తీరాల్సిన సందర్భాలూ ఉన్నాయి. 'కార్తీక దీపం'లో దీప, కార్తీక్ ప్రమాదంలో పోయినట్టు 2022లో చూపించినప్పుడు కన్నీళ్ళు పెట్టుకున్న పెద్దావిడలు నాకు తెలుసు. (ఆ సీరియల్ 2023 జనవరిలోనే అయిపోయింది గనక ధైర్యంగా చెబుతున్నాను!) గుండె జబ్బున్న అత్తగారు "పిల్ల బతుకుతుందా లేదా, అది ఒక్కటీ చెప్పవే" అంటే చెప్పేయాలి. అక్కడ సస్పెన్స్ అని భీష్మించుకోకూడదు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. మనకి తెలిసిన అమ్మాయికి ఈ మధ్యే గర్భం పోయిందనుకోండి. ఆవిడ చూడబోయే సినిమాలో సరిగ్గా అదే ఉంటే, పక్కకి పిలిచి, "అందులో ఇలాంటి ఘట్టం ఉంది, చూస్తావో మానతావో నీ ఇష్టం" అని చెప్పాలి. కథంతా అక్కర్లేదు, ఆ ఒక్క ముక్క చాలు. చీకటి హాల్లో, పక్కన బంధువుల మధ్య, లేచి బయటికి రాలేక కూర్చుండిపోయే అవస్థ తప్పుతుంది.

ఇంత చెప్పుకున్నాక, ఛానళ్ళ వాళ్ళని అనకుండా ఎలా ఉంటాం? రేపటి మలుపుని ప్రోమోలో ఈ రోజే చూపించేది వాళ్ళే. 'బిగ్ బాస్' తెలుగు 2017లో మొదలైనప్పటినుంచీ చూస్తున్నాం. ఆదివారం రాత్రి ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్తున్నారన్నది హోస్ట్ ప్రకటించకముందే, శనివారానికల్లా యూట్యూబ్‌లో బొమ్మతో సహా తయారు! ముందే చిత్రీకరించేసిన కార్యక్రమానికి అంత రహస్యం నటించడమెందుకో. మా ఇంట్లో మాత్రం ఆ సీజన్ నడిచినన్నాళ్ళూ శనివారం మధ్యాహ్నం నుంచి నేను ఫోన్‌లో నెట్ ఆపేస్తాను. అవసరమైనవాళ్ళు మామూలుగా ఫోన్ చేసి మాట్లాడుతున్నారు. మా తోడికోడలు కూడా చేస్తుంది, "హలో"కి ముందే "నేనేం చెప్పనులే" అంటూ.