డిజిటల్ ఛాయాచిత్రములు: నాణ్యము, నిలువ

కిన్నెరసాని అభయారణ్యపు చెట్లను, భద్రాచలమువద్ద గోదావరి నీటిని ఒకే కెమెరాతో, ఒకే నాణ్యముతో చిత్రించినను అడవి చిత్రము సాధారణముగా ఎక్కువ చోటు ఆక్రమించును. కారణమేమి?

2 కోట్ల 40 లక్షల బిందువులుగల చిత్రమును బిందువునకు మూడు బైట్ల చొప్పున ఉన్నదున్నట్లు వ్రాసిన, 7 కోట్ల 20 లక్షల బైట్లు కావలెను. 1992లో ప్రమాణముగా వెలువడిన జేపెగ్ పద్ధతి చిత్రమును చిన్న చిన్న గళ్ళుగా విభజించి, కంటికి అంతగా కానరాని సూక్ష్మభేదములను వదలివేయును. నిశ్చలమైన నీటిలో భేదములు తక్కువ. అడవిలోనో, ప్రతి ఆకునకు అంచు కలదు, దాచవలసినది ఎక్కువ.

ఒకమారు వదలిన వివరములు తిరిగి రావు. నాణ్యము మిక్కిలి తగ్గించినచో ఆకుల అంచులు చెదరి గళ్ళు బయటపడును. కావున చిత్రము తీయునప్పుడే హెచ్చు నాణ్యమును ఎన్నుకొనవలెను. చోటు చాలనిచో పనికిరాని చిత్రములను తొలగింపవలెను. చెట్లనీడలను పిమ్మట సవరింపదలచువారు, కెమెరా గ్రహించినదానిని దాదాపుగా అట్లే దాచు ‘రా’ పద్ధతిని వాడవచ్చును. జేపెగ్‌లో ప్రతి వర్ణమునకు 256 అంతరువులుండగా, 14 బిట్ల ‘రా’లో 16,384 ఉండును. అందుకు చోటును హెచ్చుగా కావలెను.

జేపెగ్ చిత్రమునకు కోటి బైట్ల చొప్పున ఒక టెరాబైటు డిస్కులో లక్ష చిత్రములు పట్టును. డిస్కు చెడినచో లక్షయు ఒక్కమారే పోవచ్చును. రెండవ ప్రతి తప్పనిసరి. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి నీటిమట్టము 71 అడుగులు దాటెను. అట్టి వరద వచ్చుచోట రెండు ప్రతులును ఒకే ఇంట నుండరాదు. ఒకటి ఖమ్మములోని బంధువుల ఇంట నుండుట క్షేమము.