జనసంచారం తక్కువైన శిథిలాలు: కాంబోడియాలోని అప్రసిద్ధ చారిత్రక స్థలాల సందర్శన

వ్యాససంగ్రహం: విదేశాలకు వెళ్ళే యాత్రికులలో అధికులు ఆ దేశపు ఒకటి రెండు ప్రసిద్ధ స్థలాలను చూసి తిరిగి వస్తారు. జనం అంతగా వెళ్ళని స్థలాలు పరిశోధకునికి ఏమి ఇస్తాయో, అవి అప్రసిద్ధంగా మిగలడానికి కారణాలేమిటో కాంబోడియాలోని సంబోర్ ప్రేయ్ కుక్, కో కేర్, బంతియై చ్మార్ క్షేత్రాల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. లిపి, శాసన, ఇతిహాస విషయాలలో తెలుగు అధ్యయనానికి వీటితో గల సంబంధాన్ని సందర్భానుసారంగా ప్రస్తావిస్తుంది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, ఖ్మేర్ శాసనాలు, ఈశానపురం, కో కేర్, గదాయుద్ధ శిల్పం, శిల్పచౌర్యం.

ఉపోద్ఘాతం

2018లో సుమారు 26 లక్షల మంది విదేశీయులు టికెట్టు కొని అంగ్కోర్ క్షేత్రంలో ప్రవేశించారు. ఆ సంవత్సరం అంగ్కోర్ వాట్ ఎదుటి కొలను గట్టున సూర్యోదయం చూడాలంటే చీకటిలోనే వెళ్ళి చోటు సంపాదించుకోవలసి వచ్చేది. అదే దేశంలో, అదే ఖ్మేర్ రాజులు కట్టించిన మరికొన్ని ఆలయనగరాలలో మధ్యాహ్నం వేళ కాపలావాడు తప్ప మనిషి కనిపించడు. రెంటి మధ్య దూరం కొన్ని గంటల ప్రయాణమే. ఈ అంతరానికి శిల్పవైభవంలోని హెచ్చుతగ్గులే కారణమనుకోవడం తొందరపాటు.

తెలుగులో యాత్రాచరిత్రలకు మంచి పునాదే ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన ప్రయాణాన్ని వర్ణించే ‘కాశీయాత్ర చరిత్ర’కు నేటికీ విలువ తగ్గకపోవడానికి కారణం కాశీ వర్ణన ఒక్కటే కాదు. దారిలోని మజిలీలు, సత్రాలు, ఊళ్ళలో దొరికే వస్తువులు, దొరకనివి, బాటల స్థితి, అక్కడక్కడి మాటతీరు అందులో రోజువారీగా నమోదయ్యాయి. ఆ ఊళ్ళలో చాలావాటికి యాత్రాస్థలాలుగా పేరు లేదు. మన ఆధునిక విదేశయాత్రా గ్రంథాలలో పెక్కింటికి ఈ ‘మజిలీ దృష్టి’ తగ్గి, గమ్యదృష్టి పెరిగిందని నా అభిప్రాయం.

‘అప్రసిద్ధం’ ఎవరికి?

ఒక స్థలాన్ని అప్రసిద్ధమన్నప్పుడు ఎవరి దృష్టిలో అన్న ప్రశ్న ముందుగా రావాలి. ఈ మూడు క్షేత్రాలూ చుట్టుపక్కల గ్రామస్థులకు కొత్తవి కావు. కాంబోడియా పల్లెలలో ‘నేక్ తా’ అనే స్థలదేవతల ఆరాధన బలంగా ఉంది. పూర్వీకుల ఆత్మలుగా, ఊరి రక్షకులుగా భావించే ఈ దేవతలకు చెట్ల కింద, పాత గుళ్ళ శిథిలాల దగ్గర అగరువత్తులు వెలిగించి పండ్లు సమర్పిస్తారు. మన గ్రామదేవతల గుడి ముందు నిలబడిన అనుభవం ఉన్నవారికి ఆ దృశ్యం సులభంగానే అర్థమవుతుంది. కాబట్టి ఇక్కడ అప్రసిద్ధమంటే పర్యాటక విపణికి అప్రసిద్ధమని మాత్రమే గ్రహించాలి.

ఈ మాట మనకూ వర్తిస్తుంది. తొలి తెలుగు శాసనంగా పాఠం చెప్పే కలమళ్ళ శాసనం లభించిన ఊరికి వెళ్ళివచ్చిన తెలుగు అధ్యాపకులు ఎందరన్నది ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్న.

ఈశానపురం: అక్షరాల దారి

కంపోంగ్ థోమ్ పట్టణానికి ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో సంబోర్ ప్రేయ్ కుక్ ఉంది. ఏడవ శతాబ్ది తొలి భాగంలో పాలించిన ఈశానవర్మకు ఇది రాజధాని. నాటి పేరు ఈశానపురం. అంగ్కోర్ వాట్ నిర్మాణానికి దాదాపు ఐదు వందల ఏళ్ళ ముందటి ఇటుక గుళ్ళు ఇక్కడ అడవిలో గుంపులు గుంపులుగా నిలిచి ఉన్నాయి. వాటిలో పది అష్టకోణాకృతిలో ఉండడం విశేషం. ఆ ఇటుక గోడల మీద గగనంలో తేలుతున్నట్లుండే ప్రాసాదాల శిల్పాలు చెక్కారు. 2017లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అయినా నమ్ పెన్ నుంచి సియమ్ రీప్‌కు ఆరవ నంబరు జాతీయ రహదారి మీద వెళ్ళే బస్సులు కంపోంగ్ థోమ్‌లో భోజనానికి ఆగి సాగిపోతాయి. ప్రయాణికులలో పక్కకు తిరిగేవారు తక్కువ.

చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఈ ఈశానపురాన్ని తన గ్రంథంలో పేర్కొన్నాడు. కాని చూసి కాదు. తూర్పు భారతంలో ఉన్నప్పుడు ఆ దిక్కున గల దేశాల పేర్లు విని రాసుకున్నాడు. అదే గ్రంథంలో మన ధాన్యకటకాన్ని స్వయంగా చూసి వర్ణించాడు. కృష్ణాతీరపు ధాన్యకటకం, ఖ్మేర్ దేశపు ఈశానపురం ఒకే యాత్రికుని పుస్తకంలో, ఒకటి చూసిన స్థలంగా, మరొకటి విన్న స్థలంగా చేరడం ఆసక్తికరం.

భాషాశాస్త్ర విద్యార్థికి ఇక్కడ మరింత పని ఉంది. కాలం నమోదైన ఖ్మేర్ శాసనాలలో మొదటిది క్రీ.శ. 611 నాటిది. అది దక్షిణ కాంబోడియాలోని అంగ్కోర్ బోరేయ్‌లో లభించింది. కలమళ్ళ శాసనాన్ని పండితులు సాధారణంగా క్రీ.శ. 575 ప్రాంతానికి చెందినదిగా నిర్ణయిస్తారు. అంటే సంస్కృతం పక్కన దేశభాష శాసనానికి ఎక్కే పరిణామం రేనాటిలోనూ ఖ్మేర్ దేశంలోనూ నలభై ఏళ్ళ వ్యవధిలోనే కనిపిస్తున్నది. రెండు లిపులూ దక్షిణ బ్రాహ్మీ శాఖకు చెందినవే. ఖ్మేర్ అక్షరాలలో చాలావాటి నెత్తిన ఉండే గుర్తును ఆ భాషలో ‘జుట్టు’ అంటారు. మనం తలకట్టు అంటున్నాం. సంయుక్తాక్షరంలో కింద రాసే రూపాన్ని వారు అక్షరపు ‘పాదం’ అంటారు. మన వత్తు కూడా అక్షరం కిందనే చేరుతుంది. పేర్ల సామ్యాన్ని చూపి ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని చెప్పడం శాస్త్రీయం కాదు. అక్షరాన్ని తల, కాళ్ళు ఉన్న శరీరంగా చూడడం రెండు సంప్రదాయాలలోనూ ఉందన్నంత వరకే చెప్పవచ్చు.

ఒక పేరు విషయంలో జాగ్రత్త అవసరం. మెకాంగ్ నది ఒడ్డున సంబోర్ అనే మరొక స్థలం ఉంది. శక సంవత్సరం 605ను, అంటే క్రీ.శ. 683ను, అంకెలలో తెలుపుతూ సున్నకు చుక్క పెట్టిన ప్రఖ్యాత శాసనం ఆ సంబోర్‌కు చెందినది. జార్జ్ సెడెస్ 1931లో దాని ప్రాధాన్యాన్ని లోకానికి తెలిపాడు. ఖ్మేర్ రూజ్ కాలపు అల్లకల్లోలంలో ఆచూకీ తప్పిన ఆ రాయిని 2013లో అమీర్ ఆక్జెల్ అనే గణితశాస్త్ర రచయిత వెదకి పట్టుకున్నాడు.

కో కేర్: భీమదుర్యోధనులు లేని రంగస్థలం

సియమ్ రీప్‌కు ఈశాన్యంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న కో కేర్ క్రీ.శ. 928 నుంచి 944 వరకు ఖ్మేర్ రాజధాని. నాల్గవ జయవర్మ అంగ్కోర్‌ను విడిచి ఇక్కడి నుంచి పాలించాడు. ఏడు అంతస్తులుగా, సుమారు 36 మీటర్ల ఎత్తున లేచిన మెట్ల పిరమిడ్ ఇక్కడి ప్రధాన నిర్మాణం. 2023లో దీనికీ యునెస్కో గుర్తింపు లభించింది.

తెలుగు అధ్యేతకు పిరమిడ్ కన్న ప్రాసాత్ చెన్ అనే చిన్న గుడి ముఖ్యం. భీమదుర్యోధనుల గదాయుద్ధాన్ని ఇక్కడ గోడమీద ఉబ్బెత్తు శిల్పంగా కాక, విడివిడిగా నిలబెట్టిన నిండు మూర్తులతో ఒక రంగంగా కూర్చారు. వీరులిద్దరూ ఎగిరి తలపడబోతున్న క్షణం, చుట్టూ చూస్తున్న బలరాముడు, పాండవులు. కాలాన్ని గమనించాలి. పంపకవి కన్నడంలో ‘విక్రమార్జున విజయం’ రచించినది 941లో, నేటి తెలంగాణలోని వేములవాడ ప్రభువు అరికేసరి ఆస్థానంలో. నన్నయ భారతాంధ్రీకరణ అప్పటికి ఇంకా ఒక శతాబ్ది దూరంలో ఉంది. ఈ ఘట్టాన్ని శల్యపర్వంలో తెలుగు చేసిన తిక్కన మూడు శతాబ్దాల తర్వాతివాడు. భారతకథ దేశభాషలలోకి ప్రవహించిన తీరును బోధించేటప్పుడు కావ్యాల వరుస ఒక్కటే చూపుతాం. శిలలోకి వెళ్ళిన దారిని కూడా చూపవలసి ఉంది.

అయితే ప్రాసాత్ చెన్‌కు వెళ్ళినవారికి ఆ గదాయుద్ధం కనిపించదు. 1970లలో అంతర్యుద్ధం సాగుతున్నప్పుడు దొంగలు మూర్తులను చీలమండల దగ్గర విరిచి తరలించారు. పీఠాల మీద పాదాలు మిగిలాయి. 2011లో దుర్యోధన మూర్తి న్యూయార్క్‌లో వేలానికి వచ్చినప్పుడు, అడవిలో మిగిలిన ఆ పాదాలే అది ఎక్కడిదో నిరూపించడానికి తోడ్పడ్డాయి. న్యాయపోరాటం తర్వాత ఆ మూర్తి 2014లో స్వదేశం చేరింది. కాలిఫోర్నియా మ్యూజియంలోని భీముడు కూడా అదే సంవత్సరం తిరిగి వచ్చాడు. కొన్ని పరివార మూర్తులు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం నుంచి అంతకు ముందే 2013లో వచ్చాయి.

జనం వెళ్ళని చోటును గూర్చి మనకున్న రమ్యభావన ఇక్కడ నిలవదు. నిర్జనత ప్రశాంతతగా యాత్రికునికి తోస్తుంది. కాని ఏ కారణాల వల్ల ఇక్కడికి జనం రాలేదో, అంటే యుద్ధం, మందుపాతరలు, బాటలు లేకపోవడం, ఆ కారణాలే దొంగలకు అనుకూలించాయి. చూసే కన్ను లేకపోవడమే శిల్పాలు పోవడానికి దారి చేసింది.

బంతియై చ్మార్

వాయవ్య కాంబోడియాలో, థాయిలాండ్ సరిహద్దుకు చేరువలో ఉన్న ఈ క్షేత్రానిదీ అదే కథ, మరింత ఇటీవలిది. ఏడవ జయవర్మ పన్నెండవ శతాబ్ది చివర కట్టించిన ఈ బౌద్ధాలయపు ప్రాకారం మీద బహుభుజ అవలోకితేశ్వరుని శిల్పాలు వరుసగా ఉండేవి. 1990ల చివర సాయుధులు యంత్రాలు తెచ్చి ఆ గోడలో ఒక భాగాన్నే ఊడదీసి లారీలకెక్కించారు. ఒక లారీని థాయి పోలీసులు పట్టుకోగా వందకు పైగా రాతి ముక్కలు తిరిగి వచ్చాయి. వాటిని నమ్ పెన్ జాతీయ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. కొన్ని శిల్పాలు మాత్రం ఇప్పటికీ గోడమీదే ఉన్నాయి.

నేడు ఇక్కడి గ్రామస్థులే సంఘంగా ఏర్పడి యాత్రికులకు తమ ఇళ్ళలో బస, భోజనం, దారి చూపే మనుషులను సమకూరుస్తున్నారు. పెద్ద హోటళ్ళ చేతికి పోయే సొమ్ము నేరుగా ఊరికి అందుతుంది. పాత శిథిలం నిలిచి ఉండడం తమ బతుకుతో ముడిపడిందని గ్రామం గ్రహించినప్పుడు కలిగే రక్షణ ప్రభుత్వం నియమించే ఒకరిద్దరు కాపలాదారులతో రాదు. యాత్రికుల సంఖ్య అదుపు తప్పితే ఇక్కడా అంగ్కోర్ రద్దీయే వస్తుందన్న వాదనలో నిజముంది. కాని దొంగల లారీకీ పర్యాటకుల బస్సుకీ మధ్య ఎంచుకోవలసి వస్తే నేను రెండవదాని పక్షాన ఉంటాను.

వెళ్ళే పరిశోధకులకు

వానలు తగ్గిన నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. సరిహద్దు మండలాల్లో మందుపాతరల ముప్పు పూర్తిగా తొలగిపోలేదు. నలిగిన బాట విడిచి అడుగు వేయకూడదు, శాసనఖండం కనిపించిందని పొదల్లోకి దిగకూడదు. 2025లో కాంబోడియా, థాయిలాండ్ సైన్యాల మధ్య సరిహద్దులో కాల్పులు జరిగినందున బంతియై చ్మార్ ప్రయాణానికి ముందు ప్రభుత్వాలు జారీచేసే హెచ్చరికలు చూసుకోవాలి. స్థలంలో ఉన్న ఫలకాల మీది సమాచారం క్లుప్తంగా ఉంటుంది. అందుచేత శాసన సంకలనాలు, స్థలపటాలు ముందే చదివి వెళ్ళాలి.

సందర్శనక్రమం విషయంలో ఒక సూచన. సాధారణంగా యాత్రికులు క్షేత్రాలన్నీ చూసి, చివరి పూట తీరిక ఉంటే నమ్ పెన్ మ్యూజియానికి వెళ్తారు. ఈ మూడు స్థలాల విషయంలో మ్యూజియమే మొదటి మజిలీ కావాలి. భీమదుర్యోధనులను, వారిని చుట్టుకొని ఉన్న పరివారాన్ని అక్కడ నిలబడి చూసి, ఎవరు ఎవరివైపు చూస్తున్నారో కాగితం మీద గీసుకోవాలి. ఆ కాగితంతో ప్రాసాత్ చెన్‌కు వెళ్తే ఖాళీగా ఉన్న ఆ గుడి ప్రాంగణంలో ఏ వీరుడు ఎక్కడ నిలిచాడో గుర్తించవచ్చు.